బరువైన గొంతు... బెదిరే మైకు!

ఆర్కెస్ట్రా ప్రోగ్రాములకు, సినిమా పాటల కచేరీలకు వెళ్ళే అలవాటున్న పాఠకులకు ఈ అనుభవం కొత్త కాదు. సన్నటి గొంతున్న కుర్రాడొకడు వచ్చి బాలు పాట పాడి, చప్పట్లు కొట్టించుకుని దిగిపోతాడు. తర్వాత గంభీరమైన కంఠం ఉన్నవాడు వచ్చి ఘంటసాల పాట ఎత్తుకుంటాడు. స్టేజి వెనక ఉత్తినే పాడుకున్నప్పుడు గుడిగంటలా మోగిన ఆ గొంతు, మైకులోకి వెళ్ళేసరికి బానలో తలపెట్టి పాడినట్టు వినపడుతుంది! పల్లవిలో సగం మాటలు తెలియవు. మూడో వరుసలోంచి ఎవరో, "వాయిస్ ఉందిగానీ క్లారిటీ లేదండీ" అని తీర్పు చెప్పేస్తారు. పాపం, ఆ పాడిన అబ్బాయి కూడా ఆ తీర్పునే నమ్మేస్తాడు.

నిజానికి చాలాసార్లు లోపం గొంతులో ఉండదు. ముందు పాడినవాడి సన్నగొంతుకు సరిపడేలా తిప్పి పెట్టిన బటన్లను, ఈ బరువు గొంతుకూ అలాగే వదిలేయడంలో ఉంటుంది. దర్జీ ఒకే కొలతతో ఇద్దరికీ చొక్కాలు కుడితే ఒకరికి వదులు, ఇంకొకరికి బిగుతు! మైకు సంగతీ అంతే. అయితే చొక్కా బాగా లేకపోతే దర్జీని తిడతాం. పాట బాగా లేకపోతే మాత్రం గాయకుణ్ణి తిడతాం. అక్కడే వచ్చింది చిక్కంతా!

మంద్రానికీ ఓ లెక్క ఉంది

బేస్ వాయిస్, బేస్ వాయిస్ అంటుంటాం. ఇంతకూ అదెంత లోతు? సంగీతం మేష్టార్లు శ్రుతుల్లో చెబుతారు. సౌండు ఇంజనీర్లు హెర్ట్జ్‌లలో చెబుతారు. అంటే సెకనుకు ఎన్ని కంపనాలు అన్న లెక్క. రెండూ ఒకటే.

హార్మోనియం మీద ఒకటో శ్రుతి పెట్టుకుని పాడే మగగొంతుకు ఆధార షడ్జమం సుమారు 131 హెర్ట్జ్. అక్కణ్ణించి కిందికి దిగి మంద్ర పంచమం పట్టుకుంటే సుమారు 98. బాగా లోతైన గొంతులు 80 దాకా దిగుతాయి. అంతకంటే కింద పాటకు పనికొచ్చే మనిషి గొంతు అరుదు. ఈ 80 అనే అంకె గుర్తుంచుకోండి, దీంతో మనకు ముందు ముందు పని ఉంది.

ఇందులో ఓ తమాషా ఉంది. మంద్ర పంచమం పాడినప్పుడు 98 ఒక్కటే రాదు. దానికి రెట్టింపు 196, మూడింతలు 294, నాలుగింతలు 392... ఇలా మెట్లు మెట్లుగా పైకి అనుస్వరాలు పుడతాయి. గొంతుకు రంగూ రుచీ ఇచ్చేవి ఇవే. పాత వాల్వు రేడియోలో, ఆ చిన్న స్పీకరులో 98 హెర్ట్జ్ సరిగ్గా పలికేది కాదు. అయినా ఘంటసాల గంభీరంగానే వినిపించేవారు! ఎలా? పైనున్న మెట్లను బట్టి అడుగు మెట్టు ఎక్కడుందో మన చెవే పోల్చుకుంటుంది, లేని స్వరాన్ని తానే పూరించుకుంటుంది. ఫోనులో 300 హెర్ట్జ్ కింద శబ్దాన్ని కోసేసే రోజుల్లో కూడా నాన్నగారి గొంతు నాన్నగారి గొంతులాగే వినబడింది కదా, అదే రహస్యం. ఇవాళ సెల్‌ఫోను స్పీకరులో పాటలు వినే వాళ్ళందరినీ కాపాడుతున్నది కూడా ఆ రహస్యమే.

అంచేత బరువు గొంతు బాగా వినిపించాలంటే అడుగున బేస్ పెంచుకుంటూ పోవడం మార్గం కాదన్నమాట. పై మెట్లు శుభ్రంగా ఉండాలి. చాలామంది చేసే పని సరిగ్గా దీనికి విరుద్ధం!

మైకు వచ్చింది... మంద్రం బతికింది

అసలు మైకే లేకపోతే బరువైన, మెత్తని గొంతుకు పాటల లోకంలో చోటే ఉండేది కాదు. 1925కు ముందు గ్రామఫోను రికార్డులు తియ్యాలంటే పెద్ద గొట్టంలోకి గట్టిగా పాడాలి. హెచ్చుస్థాయిలో ఖణేల్మనే గొంతులకే అక్కడ రాజ్యం. మన నాటకాల రంగస్థలం మీదా అదే కథ, చివరి వరుసకు వినబడని పద్యం పద్యమే కాదు! 1925లో ఎలక్ట్రికల్ రికార్డింగు వచ్చాక కథ మారింది. చెవిలో చెప్పినట్టు పాడినా రికార్డవుతుంది. అమెరికాలో బింగ్ క్రాస్బీ, మన దేశంలో సైగల్ ఆ మార్పులోంచి వెలిగినవాళ్ళే.

మన తెలుగులో ఈ సౌభాగ్యం ఎంతగా అనుభవించామో వేరే చెప్పాలా? ఘంటసాల (1922-1974) కంఠంలోని నిండుతనం, పి.బి. శ్రీనివాస్ (1930-2013) మెత్తని మంద్రం, 1957లో వచ్చిన 'మాయాబజార్'లో ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడికి అతికినట్టు సరిపోయిన మాధవపెద్ది సత్యం గాత్రం... ఇవన్నీ మైకు మనకు దాచిపెట్టిన ఆస్తులు. ఆ రోజుల్లో గాయకుడూ వాద్యగాళ్ళూ కలిసి ఒకేసారి పాట పూర్తి చెయ్యాలి. ఎవరు తప్పినా మళ్ళీ మొదటినుంచి! ఒక్కో గొంతుకు ఇన్నిన్ని బటన్లు లేవు. గొంతును సర్దడమంటే ముఖ్యంగా మనిషిని మైకుకు ఎంత దూరంలో నిలబెట్టాలన్నదే. అవునండీ, దూరమే! ఈ వ్యాసంలో అసలు మందు అదే.

బెత్తెడు దూరంలో ఉంది కిటుకు

స్టేజి మీద మనం చూసే చేతి మైకులు ఎక్కువగా ఎదురుగా వచ్చే శబ్దాన్ని తీసుకుని, వెనకనుంచి వచ్చేదాన్ని వదిలేసే రకం. ఈ పని చెయ్యడానికి దాని మెడ దగ్గర చిన్న చిన్న సందులుంటాయి. శబ్దం ముందునుంచీ, ఆ సందుల్లోంచి వెనకనుంచీ లోపలి పొరను చేరుతుంది. ఆ రెంటి మధ్య తేడాయే మైకు మనకిచ్చే పాట. మంద్ర స్వరాలకు ఈ తేడా సహజంగా తక్కువ, అందుకని మైకు తయారుచేసేవాళ్ళు ఆ లోటు భర్తీ అయ్యేలా లోపలే ఏర్పాటు చేసి ఉంచుతారు. పెదవులు మైకుకు ఆనించి పాడారనుకోండి, ముందువైపు శబ్దం వెనకవైపు కంటే ఎన్నో రెట్లు ఎక్కువైపోతుంది. తేడా పెరిగింది, భర్తీ ఎటూ ఉండనే ఉంది... ఇంకేం? బేస్ వరదలా పొంగుతుంది! ఇంజనీర్లు దీన్ని ప్రాక్సిమిటీ ఎఫెక్ట్ అంటారు.

సన్నగొంతు వాడికి ఇది వరం. మైకు దగ్గర పెట్టుకుంటే కాస్త కండ పడుతుంది. బరువు గొంతుకు ఇది శాపం. అసలే నిండుగా ఉన్నదానికి ఇంకో రెండు బిందెలు పోసినట్టవుతుంది. అన్ని దిక్కుల శబ్దాన్నీ సమానంగా తీసుకునే మైకుల్లో ఈ బెడద లేదు గానీ, స్టేజి మీద అవి పెడితే బాక్సుల శబ్దం కూడా తిరిగి దూరి కూత పెడతాయి.

ఒక మిక్సరు బల్ల పక్కన

ఘంటసాల జయంతికి, డిసెంబరు 4న, కోస్తాలో ఓ పట్టణంలో జరిగిన పాటల కార్యక్రమానికి ఈమధ్య వెళ్ళాను. ప్రేక్షకుల్లో కాకుండా సౌండు మిక్సరు బల్ల పక్కన కుర్చీ సంపాదించుకున్నాను. ఆపరేటరు అరవైకి దగ్గర పడ్డ మనిషి. మైకు సెట్లు అద్దెకిచ్చే రోజులనుంచి డిజిటల్ మిక్సరు దాకా వచ్చినవాడు.

సాయంత్రం రిహార్సల్లో డిగ్రీ చదివే కుర్రాడొకడు వచ్చాడు. గొంతు విప్పగానే తల తిప్పి చూశాను, అంత నిండైన గొంతు! కానీ మైకులో అంతా గుయ్యిమంటోంది. ఓ టీవీ పాటల పోటీ ఎంపికలో ఇతని గొంతు స్పష్టంగా లేదని వెనక్కి పంపారట. అప్పటినుంచి గొంతు సన్నం చేసుకుని, రెండు శ్రుతులు పైకెత్తి పాడటం మొదలుపెట్టాడు. రాత్రికి గొంతు మంట. "నీకెందుకురా ఈ పాటలు, చదువుకో" అని ఇంట్లో పోరు. ఇదే ఆఖరి ప్రోగ్రామని నాతో అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, మొహంలో నవ్వు లేదు.

మిక్సరు పెద్దాయన వాయిద్యాలన్నీ ఆపించాడు.

"బాబూ, మైకు కింద పెట్టెయ్. ఉత్తినే ఓ చరణం పాడు. నీ శ్రుతిలో పాడు, ఎవరి శ్రుతిలోనూ వద్దు."

కుర్రాడు పాడాడు. పెద్దాయన దగ్గరకెళ్ళి కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఇదీ నీ గొంతు. ఇది అక్కడ కూర్చున్నవాడికి చేరాలి. నా పని అదే. ఇప్పుడు మైకు తీసుకో. పెదాలకు ఆనించకు, బెత్తెడు దూరం."

"దూరమైతే వినబడదేమో బాబాయ్‌గారూ?"

"వినిపించే బాధ్యత నాది. నువ్వు పాడు."

ఆ తర్వాత ఆయన చేసిన పనులు వరసగా రాసుకున్నాను. మొదట లో-కట్ బటన్. 80 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కత్తిరించాడు. అక్కడ పాట లేదు, స్టేజి చెక్కల దడదడ, ఊపిరి, గాలి తప్ప. కొందరు ధైర్యం చేసి 150 దాకా కోసేస్తారట. అలా చేస్తే ఆధార షడ్జమం, మంద్ర పంచమం రెండింటి పునాదీ పోయి, బరువు గొంతు కాస్తా జలుబు గొంతవుతుంది.

రెండోది, 250-300 ప్రాంతంలో మూడు నాలుగు డెసిబెల్స్ తగ్గించాడు. బానలో పాడినట్టు వినిపించేది ఇక్కడే. అయితే మంద్ర పంచమం అనుస్వరాలున్నదీ ఇక్కడే కదా! అందుకే గొడ్డలితో కాదు, కత్తెరతో పని. చెవితో వింటూ కొంచెం కొంచెంగా తగ్గించి, గొంతు పల్చబడే చోటుకు ముందే ఆపాడు. మూడోది, 3000 దగ్గర రెండు డెసిబెల్స్ పెంచాడు. హల్లులు స్పష్టంగా పలికేది అక్కడే. 'త'కూ 'ద'కూ తేడా తెలిసింది, పాటలో సాహిత్యం బయటికొచ్చింది.

నాలుగో పని నన్ను ఆశ్చర్యపరిచింది. గాయకుడి బటన్లు వదిలేసి బేస్ గిటారునూ డగ్గానూ పట్టుకున్నాడు! ఆ రెండూ కాపురం ఉండేది బరువు గొంతు ఉండే వీధిలోనే. వాటిని 200 ప్రాంతంలో కాస్త వంచితే గొంతుకు దారి దొరికింది. ఐదోది ఎకో. సగానికి సగం తగ్గించి, ఎకోలోకి మంద్రం వెళ్ళకుండా కోత పెట్టాడు. చివరగా గాయకుడి ముందున్న మోనిటరు బాక్సులో బేస్ తగ్గించాడు. ఎవరి గొంతు వాళ్ళకు ఎముకల ద్వారా కూడా వినిపిస్తుంది గనక, అసలుకన్నా బరువుగానే తోస్తుంది. దానికి మోనిటరులో బేస్ కూడా కలిస్తే, బోలెడంత గొంతు వస్తోందనుకుని గాయకుడు వెనక్కి తగ్గుతాడు!

ఇదంతా పది నిమిషాల పని. మళ్ళీ పాడమన్నాడు. తబలా ఆయన వాయించడం మానేసి కుర్రాడి వంక చూశాడు. ఆ రాత్రి ప్రోగ్రాములో అతనికి ఇచ్చింది ఒకే పాట. జనం రెండోది అడిగారు. నిర్వాహకులు మూడోదీ పాడించారు. అతని పేరుతో ఆ సెట్టింగులను మిక్సరులో భద్రపరచి, ఆ అంకెలే చీటీ మీద రాసి పెద్దాయన అతని జేబులో పెట్టాడు. "ఎక్కడికెళ్ళినా ఇది చూపించు, ఆ పైన వాళ్ళ చెవి" అన్నాడు. అతను పాడటం మానేస్తాడో లేదో నాకు తెలియదు గానీ, మానెయ్యడానికి గొంతును సాకుగా మాత్రం చెప్పలేడు.

స్టూడియోలో సంగతులు వేరు

రికార్డింగు థియేటర్లో కూత భయం లేదు. కాబట్టి దూరం బెత్తెడు కాదు, జానెడు. గొంతు ఇంకా బరువైతే ఇంకొంచెం వెనక్కి. 1949లో వచ్చిన న్యూమన్ యు 47, 1967లో వచ్చిన యు 87 లాంటి పెద్ద మైకులు గొంతులోని చిన్న గమకాన్నీ వదలవు. యు 87లో బేస్ తగ్గించే స్విచ్చి ఉంది, దిక్కులు మార్చుకునే స్విచ్చీ ఉంది. గది బాగుంటే అన్ని దిక్కులూ వినే పద్ధతిలో పెట్టి పాడిస్తే, దగ్గరగా నిలబడ్డా బేస్ పొంగదు. 1968లో వచ్చిన ఎలక్ట్రో వాయిస్ ఆర్.ఇ. 20 అయితే ఈ పొంగును అణచడానికే ప్రత్యేకంగా తయారైంది. బరువు గొంతుల రేడియో అనౌన్సర్లు దాన్ని ముద్దుచేశారు. స్టేజిల మీద మనకు నిత్యం కనిపించే షూర్ ఎస్.ఎమ్. 58 పుట్టింది 1966లో. దాంట్లో బేస్ కాస్త తగ్గి, హల్లులుండే చోటు కాస్త ఎత్తుగా ఉంటుంది. దాన్ని పట్టుకున్న చెయ్యి జాలీ మీదికి పాకిందా, సందులు మూసుకుని ఆ సుగుణాలన్నీ హుళక్కి! సినిమాల్లో హీరోలు మైకు తలకాయ పిడికిట్లో బిగించి పాడుతుంటారు, వాళ్ళకేం, వాళ్ళు పాడేది లేదు గనక సరిపోయింది.

'ప, ఫ, బ, భ' లు పలికేటప్పుడు గాలి మైకును కొడుతుంది. బరువు గొంతుల్లో ఈ దెబ్బ ఢమ్మని వినిపిస్తుంది. మధ్యలో గుడ్డ తెర పెట్టొచ్చు, లేదా మైకును నోటికి సూటిగా కాక కొంచెం పక్కకు వంచొచ్చు. ఖర్చు లేని వైద్యం.

కంప్రెసర్ అని ఇంకో పరికరం ఉంది. గొంతు హెచ్చినప్పుడు దాన్ని అణచి పెడుతుంది. మంద్రంలో బలం ఎక్కువ గనక బరువు గొంతు పాడిన ప్రతి లోతైన అక్షరానికీ ఇది ఉలిక్కిపడి పాట మొత్తాన్ని నొక్కేస్తుంది. తెలిసిన ఇంజనీరు ఆ పరికరానికి మంద్రం వినపడకుండా చేసి, పైస్వరాలను బట్టి పని చేయిస్తాడు. ఎకో విషయంలోనూ అంతే. లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో ఎకోకి పంపే శబ్దంలో 600 కింద, 10,000 పైన కోసేసే ఆనవాయితీ ఉంది. ఆ కిటుకు మన కల్యాణ మండపాల్లో పెట్టుకున్నా భేషుగ్గా పనిచేస్తుంది!

సాధనకు బదులు లేదు

ఇంత చెప్పానని, బటన్లు తిప్పితే గాయకుడైపోవచ్చని అనుకునేరు! శ్రుతి తప్పిన గొంతును మైకు ఇంకా స్పష్టంగా పట్టిస్తుంది. పలకని హల్లును ఏ ఈక్వలైజరూ పుట్టించలేదు. మైకుల్లేకుండా పెద్ద వాద్యబృందం మీద వినిపించే ఒపేరా మగగొంతుల్లో 3000 హెర్ట్జ్ ప్రాంతంలో ప్రత్యేకమైన బలం ఉంటుందని 1970లలో స్వీడన్ శాస్త్రవేత్త యోహాన్ సుండ్‌బెర్గ్ వివరించారు. అంటే మన పెద్దాయన బటన్‌తో పెంచిన చోటునే వాళ్ళు సాధనతో పెంచుకున్నారు! రెండూ ఉన్నవాడికి తిరుగులేదు.

బరువు గొంతు మగవాళ్ళ సొత్తేమీ కాదు. ఉషా ఉతుప్ పాడితే హాలు దద్దరిల్లడం తెలిసిందే. అలాంటి కంఠమున్న అమ్మాయిలు మన కాలేజీల్లోనూ ఉన్నారు. "మగగొంతులా ఉంది" అన్న మాట పడలేక కోరస్‌లో దాక్కుంటారు. వాళ్ళకు లో-కట్ 120 దాకా పెంచినా నష్టం లేదు, మిగతా వైద్యమంతా ఒకటే.

మీ గొంతు ఆ కోవలోదైతే ఈ నాలుగు మాటలూ వంటబట్టించుకోండి. మీ శ్రుతి మీరే చెప్పండి, ముందు పాడినవాడి శ్రుతిలో ఎత్తుకోకండి. మైకు బెత్తెడు దూరంలో పట్టుకోండి, మంద్రంలో ఇంకాస్త దగ్గరకు తెచ్చినా అంగుళం దాటకండి. "ఎకో పెంచండి" అనే ముందు "మిడ్ తగ్గించండి" అని అడగండి. మీ పాట రికార్డు చేసి పెద్ద బాక్సుల్లో ఒకసారి, సెల్‌ఫోను స్పీకరులో ఒకసారి వినండి. రెండింట్లోనూ మాట తెలిస్తే సెట్టింగు కుదిరినట్టే.

మీ కాలేజీ వార్షికోత్సవం దగ్గర పడుతోందా? అయితే ఈ పేజీ చింపి జేబులో పెట్టుకోండి. రిహార్సలుకు ఓ అరగంట ముందు వెళ్ళి మిక్సరు దగ్గర కూర్చున్న అన్నకి ఒక టీ ఇప్పించి, ఈ పేజీ చేతిలో పెట్టండి.